నిశా, నిశే: పసుపు పేర్లు – వైద్యార్థ నిర్ణయము

పసుపునకు సంస్కృతమున గల పేర్లలో కాంచని, పీత, వరవర్ణిని మొదలైనవి రంగును దెల్పును. భావమిశ్రుడు వీనితోపాటు కృమిఘ్ని యను గుణవాచకమును, హలదీ యను దేశ్యపదమును, అంగడికి శోభ గూర్చునదను భావముతో హట్టవిలాసిని యను పేరును పఠించెను. వీనివలన చిక్కు లేదు. చిక్కెల్ల రాత్రివాచకములతోనే. రాత్రికి గల పేర్లు పసుపునకును చెల్లునని అమరకోశము ‘నిశాఖ్య’ యను ఒక్క మాటతో సూచించినది. ఛందస్సునకు లోబడి వ్రాయు వైద్యగ్రంథకర్తల కిది మిక్కిలి సౌకర్యము. విభక్తిని పాటింపని యనువాదకుని చేతిలో మాత్రము ఔషధమే సేవనకాలమై పోవును.

అంతకంటె సూక్ష్మమైనది వచనభేదము. వైద్యగ్రంథములందు ద్వివచనాంతమగు ‘నిశే’ గాని, ‘నిశాద్వయము’, ‘రజనీద్వయము’ అనునవి గాని కనబడినచో పసుపును, దారుహరిద్రయు గ్రాహ్యములు. వాగ్భటుడు ప్రమేహమునకు శ్రేష్ఠముగా చెప్పిన ‘ధాత్రీనిశే’ యను చోట ద్వివచనము ద్వంద్వసమాసమువలన వచ్చినది. అచట ఉసిరికయు, పసుపును మాత్రమే గ్రాహ్యములు, దారుహరిద్రకు చోటు లేదు. పసుపు, దారుహరిద్రల భేదము చరకునకు స్పష్టము. లేఖనీయగణమున రెంటిని చేర్చిన యాతడు కుష్ఠఘ్న, విషఘ్న గణములందు పసుపునే, కండూఘ్నగణమున దారుహరిద్రనే పఠించెను.

ద్రవ్యదృష్టితో చూచినను వీనికి గల సామ్యము రంగే. పసుపు దుంప, దాని రంగు కర్క్యుమిన్ అను పదార్థమువలన కలిగినది. దారుహరిద్ర హిమాలయ ప్రాంతమున పెరుగు ముండ్లపొద. దాని పసిమికి బెర్బెరిన్ కారణము. దక్షిణదేశమున దీనికి బదులు వాడు మానుపసుపు వేరొక తీగ. అందును బెర్బెరిన్ కలదు. కావున ఒక్క స్వరము తప్పు చదివినచో మందే మారును.

ప్రాచీన వైద్యగ్రంథముల పఠనము పండితగోష్ఠికే పరిమితము కాదని 1990ల నాటి పేటెంటు వివాదము చూపినది. గాయములు మాన్పుటకు పసుపును వాడుటపై 1995లో అమెరికా పేటెంటు కార్యాలయము హక్కు నొసగెను. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో దీని నెదిరించి, సంస్కృతగ్రంథములతో సహా 32 ఆధారములను సమర్పించెను. 1997లో ఆ కార్యాలయమే హక్కును త్రోసిపుచ్చెను. అయితే అచట నిరూపితమైనది ప్రయోగప్రాచీనతయే గాని గుణసిద్ధి కాదు. ఈ రెంటిని కలగలిపి చెప్పు వ్యాసములు నేటికిని తరచుగ కానవచ్చుచున్నవి.

గుణసిద్ధి విషయమున తొందరపాటు తగదు. ప్రయోగశాలలో కర్క్యుమిన్ శోథమును తగ్గించు లక్షణము కనబరచినను, నోటితో తీసికొన్నపుడు రక్తమున చేరునది అత్యల్పము. మిరియములలోని పైపరిన్‌ను జోడించినచో మనుష్యులయందు ఆ పరిమాణము సుమారు 20 రెట్లు పెరుగునని 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రకటించిరి. పసుపుతో మిరియములను కూర్చు పాత అలవాటును సమర్థించుటకు దీనిని ఉదాహరించుట కలదు. అదే కూర్పుతో గాఢముగ చేసిన గుళికలవలన కొందరికి కాలేయము చెడిన వృత్తాంతములు ఇటలీ, అమెరికా దేశములందు వెలువడినవి. వీనిని ఉదాహరించువారు మాత్రము అరుదు. ఇవి ఆహారపూరకములుగా అమ్ము గుళికలను గూర్చినవే గాని, కూరలో వేయు చిటికెడు పసుపును గూర్చినవి కావు.