‘రీస్టార్ట్ చేస్తాను సర్’ అంటే సరిపోదు!

"సర్వర్‌లో వెబ్‌సైట్ ఆగిపోయింది. ముందు ఏం చేస్తావు?" లైనక్స్ సపోర్ట్, క్లౌడ్, డెవ్‌ఆప్స్ ఇంటర్వ్యూలకు వెళ్లే ఫ్రెషర్లు సిద్ధంగా ఉండాల్సిన ప్రశ్న ఇది. నా మొదటి ఇంటర్వ్యూలో నేను టక్కున చెప్పాను: "సర్వీస్ రీస్టార్ట్ చేస్తాను సర్." "మళ్లీ ఆగిపోతే?" అన్నారు. "మళ్లీ రీస్టార్ట్..." అన్నాను. ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆ ఉద్యోగం రాలేదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేసినట్టుంది నా జవాబు అని తర్వాత అర్థమైంది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

ఎవరీ సిస్టమ్‌డి?

తెర మీద కనిపించకుండా వెనకాల నడిచే ప్రోగ్రామే సర్వీస్. వెబ్ సర్వర్, డేటాబేస్, రిమోట్ లాగిన్ అన్నీ సర్వీసులే. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, రెడ్ హ్యాట్ లాంటి లైనక్స్‌లలో వీటన్నిటి మేస్త్రి సిస్టమ్‌డి. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ 2010లో దీన్ని మొదలుపెట్టారు. 2011లో ఫెడోరా 15, 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దీన్ని డిఫాల్ట్‌గా తీసుకున్నాయి. బూట్ అయ్యాక నడిచే 1వ నంబరు ప్రాసెస్ ఇదే. సర్వీసులు చెప్పే ప్రతి మాటనూ రాసిపెట్టే గుమస్తా జర్నల్‌డి.

ముందు చూడండి, తర్వాతే ముట్టుకోండి

మొదటి కమాండ్ ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్’. పక్కన సర్వీస్ పేరు ఇస్తే అది నడుస్తోందా, ఫెయిలైందా, ఎప్పటి నుంచి అన్నవి చెప్పి, చివరి 10 లాగ్ లైన్లు కూడా చూపిస్తుంది. అవి చాలకపోతే ‘జర్నల్‌సీటీఎల్’ వాడాలి. దానికి ‘హైఫన్ యు’ కలిపి సర్వీస్ పేరిస్తే ఆ ఒక్క సర్వీస్ లాగ్ వస్తుంది. ‘సిన్స్’ ఆప్షన్‌తో ఫలానా సమయం నుంచి, ‘హైఫన్ పి ఎర్’తో తీవ్రమైన ఎర్రర్లు మాత్రమే, ‘హైఫన్ ఎఫ్’తో లైవ్‌గా చూడొచ్చు.

రీస్టార్ట్ మీదే ఆధారపడితే ఇంకో చిక్కు ఉంది. డిఫాల్ట్ సెట్టింగ్‌లో ఒక సర్వీస్‌ను 10 సెకన్లలో 5 సార్లకు మించి లేపబోతే సిస్టమ్‌డి ఇక ఒప్పుకోదు. పోనీ సర్వర్‌నే రీబూట్ చేద్దామా? ‘వార్’లోని ‘లాగ్’ కింద ‘జర్నల్’ ఫోల్డర్ లేని సర్వర్లలో డిఫాల్ట్‌గా జర్నల్ మెమరీలోనే ఉంటుంది. రీబూట్ చేస్తే అదంతా పోతుంది. ఫోల్డర్ ఉంటే మాత్రం ‘హైఫన్ బి హైఫన్ 1’తో కిందటి బూట్ లాగ్ చదవొచ్చు.

స్టార్ట్‌కీ ఎనేబుల్‌కీ తేడా ఏంటనీ అడగొచ్చు. స్టార్ట్ అంటే ఇప్పుడే నడపడం. ఎనేబుల్ అంటే ఇకపై బూట్ అయినప్పుడల్లా దానంతటదే లేచేలా పెట్టడం. ఎనేబుల్ చేసినంత మాత్రాన ఇప్పుడు లేవదు. రెండూ ఒకేసారి కావాలంటే ‘నౌ’ ఆప్షన్ కలపాలి.

ఇంట్లోనే చెడగొట్టి నేర్చుకోండి

విండోస్ ల్యాప్‌టాప్ అయినా పర్లేదు. వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసుకోండి. అపాచీ, ఇంజిన్‌ఎక్స్ రెండూ ఇన్‌స్టాల్ చేసి, అపాచీ నడుస్తుండగా ఇంజిన్‌ఎక్స్‌ను స్టార్ట్ చేయండి. ఫెయిలవుతుంది. జర్నల్ తెరిస్తే ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని కనిపిస్తుంది. రెండింటికీ 80వ పోర్టే కావాలి, కానీ అపాచీ ముందే పట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. పోర్ట్ ఎవరి చేతిలో ఉందో ‘ఎస్ఎస్’ కమాండ్‌తో చూసి, ఒకదాన్ని ఆపండి లేదా పోర్ట్ మార్చండి. ఈ ఒక్క ప్రయోగం మీ చేతులతో చేస్తే, ఇంటర్వ్యూలో బట్టీ పట్టిన జవాబు అక్కర్లేదు.

ఇప్పుడు అదే ప్రశ్న వస్తే ఇలా చెప్పండి: "స్టేటస్ చూస్తాను. ఆగిన సమయం దగ్గర లాగ్ చదువుతాను. కస్టమర్లు ఎదురుచూస్తుంటే లాగ్ కాపీ తీసిపెట్టుకుని రీస్టార్ట్ చేస్తాను. తర్వాత అసలు కారణం సరిచేసి, మళ్లీ స్టేటస్ చూస్తాను."

"మళ్లీ ఆగిపోతే?" అని అడిగినా తడబడక్కర్లేదు. లాగ్ మీ దగ్గరే ఉంది కదా!