గ్రీటింగ్ కార్డు చేతితో చేయాలనుందా? మెషిన్ అక్కర్లేదు.. బెండకాయ, గాజు, నరసాపురం లేసు ఉంటే చాలు!

సంక్రాంతి శుభాకాంక్షలు ఇప్పుడు వాట్సాప్‌లో ఒక్క ఫార్వర్డ్‌తో అయిపోతున్నాయి. అయినా ఊళ్లో ఉన్న అమ్మమ్మకో, దూరంగా ఉన్న ఫ్రెండ్‌కో సొంతంగా చేసిన కార్డు పంపాలనుకునేవాళ్లు ఉన్నారు. వీడియోలు చూస్తే స్టాంపుల సెట్లు, డైలు, కటింగ్ మెషిన్ అంటూ ఖర్చు వేలల్లో కనిపిస్తుంది. అవేవీ కొనకుండా, గోదావరి జిల్లాల్లో దొరికే వాటితోనే కార్డు ఎలా చేయాలో చూద్దాం.

అసలు డై కట్ అంటే ఏంటి?

కాగితాన్ని ఒకే ఆకారంలో మళ్లీ మళ్లీ కత్తిరించడమే డై కట్. మన ప్రింటింగ్ ప్రెస్సుల్లో దీన్ని పంచింగ్ అంటారు. ప్లైవుడ్‌లో స్టీలు బ్లేడును కావలసిన ఆకారానికి వంచి బిగిస్తే అదే డై. పది కార్డులకైనా, ఐదొందల కార్డులకైనా డై ఖర్చు ఒకటే. వందల్లో కావాలంటే పెళ్లి కార్డులు వేసే ప్రెస్సుకి వెళ్లడం మేలు. నాలుగైదు కార్డులకైతే ఇల్లే చాలు.

కాగితం ఇలా ఎంచుకోండి

జిరాక్స్ పేపర్ పల్చన, 70 నుంచి 80 జీఎస్ఎం ఉంటుంది. కార్డుకు 250 జీఎస్ఎం షీటు తీసుకోండి. ఏ4 షీటును సగానికి కోసి, ఒక్కో ముక్కను మడిస్తే రెండు కార్డులు వస్తాయి. కోసే ముందు షీటును రెండు వైపులా కొద్దిగా వంచి చూడండి. సులువుగా వంగే దిశలోనే కాగితంలోని నార ఉంటుంది. ఆ దిశలో మడిస్తే అంచు పగలదు. మడత చోట ఇంకు అయిపోయిన పెన్నుతో, స్కేలు ఆనించి ముందు ఒక గీత నొక్కాలి.

అచ్చు వేయడం, కత్తిరించడం

* బెండకాయను అడ్డంగా కోస్తే పువ్వు ఆకారం వస్తుంది. తడి తుడిచి, పోస్టర్ కలర్ పల్చగా రాసి అద్దండి. రంగు ఎక్కువైతే అచ్చు అలుక్కుపోతుంది.
* తేమ ఎక్కువగా ఉండే ప్రాంతం కాబట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాకే కత్తిరించాలి.
* కార్డు ముందు వైపు గాజు పెట్టి గుండ్రంగా గీయండి. కింద దళసరి అట్ట వేసి కట్టర్‌తో కోయండి. పిల్లలైతే ఈ పని పెద్దవాళ్లే చేయాలి.
* రంధ్రం కంటే కాస్త పెద్ద లేసు పువ్వును వెనుక నుంచి అతికించండి. ఫెవికాల్ అంచుల్లో చుక్కలుగా పెడితే చాలు. రాత్రంతా పుస్తకాల బరువు కింద ఉంచితే కార్డు వంకర పోదు.

లేసు దగ్గర బేరం వద్దు

ఈ కార్డులో నిజంగా కష్టమైన పని ఆ పువ్వుదే. నరసాపురంలో స్కాట్లాండ్‌కు చెందిన మెక్‌రే దంపతులు 1844లో ఈ అల్లిక నేర్పారని చెబుతారు. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఇళ్లలో కూర్చుని అల్లే ఆడవాళ్లను కార్మికులుగా కాకుండా, ఖాళీ టైమ్‌లో అల్లుకునే గృహిణులుగా చూడటం వల్లే కూలి తక్కువగా ఉంటోందని జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లోనే పుస్తకం రాశారు. కాబట్టి వీలైతే అల్లినవాళ్ల దగ్గరే కొనండి, అడిగిన ధర ఇవ్వండి. కార్డు వెనుక ‘లేసు: నరసాపురం’ అని రాయండి. అందుకున్నవాళ్లకీ అది ఎవరి చేతి పనో తెలుస్తుంది.

పోస్టు చేసే ముందు..

సాధారణ ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయల స్టాంపు సరిపోతుంది. 250 జీఎస్ఎం కార్డు ఒక్కటే దాదాపు 8 గ్రాములు. కవరు, లేసు కలిపితే బరువు పెరుగుతుంది. అందుకే పోస్టాఫీసులో తూకం వేయించాకే స్టాంపు అంటించండి. పండక్కి అందాలంటే కనీసం వారం ముందే డబ్బాలో వేయడం మంచిది.