సంచిలో మేత... చెరువులో లెక్క

ఏలూరు: కొల్లేరు పరిసరాల్లో ఏ చేపల చెరువు గట్టు మీద నిలబడినా నీటిలో వరుసగా పాతిన కర్రలు, వాటికి కట్టిన ప్లాస్టిక్ సంచులు కనిపిస్తాయి. కైకలూరు, మండవల్లి, ఆకివీడు, భీమడోలు ప్రాంతాల రైతులు అనుభవంతో రూపొందించుకున్న మేత విధానమిది. సంచి అడుగున చిన్న రంధ్రాలు చేసి, తవుడు నింపి, తెల్లవారాక పడవపై వెళ్లి కడతారు. చేపలు రంధ్రాల వద్దకు చేరి మేతను లాగి తింటాయి. రెండు మూడు గంటల్లో సంచి ఖాళీ అయితే చేప ఆరోగ్యంగా ఉందని రైతు నిశ్చింతగా ఉంటాడు. మధ్యాహ్నానికి కూడా బరువు తగ్గకపోతే చెరువులో ఏదో తేడా ఉన్నట్లే.

ఈ సంచిలోకి వెళ్లే సరుకు దూరం నుంచి వచ్చేది కాదు. తాడేపల్లిగూడెం పరిసర మిల్లుల్లో ధాన్యం ఆడగా వచ్చిన తవుడు నుంచి నూనె తీస్తారు. మిగిలిన పిప్పినే రైతులు డీఓబీ అంటారు. ఇందులో మాంసకృత్తులు సుమారు 15 శాతమే. శీలావతి, బొచ్చె చక్కగా ఎదగాలంటే 25 నుంచి 30 శాతం కావాలి. ఆ లోటును కొంత వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్కతోనూ, మరికొంత నీటిలో పెరిగే ప్లవకాలతోనూ పూడ్చుకుంటారు. పశువుల పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీటిని ఆకుపచ్చగా ఉంచడంలోని రహస్యం ఇదే.

చేపల సాగు ఖర్చులో సింహభాగం మేతదే. తవుడు మేతతో కిలో చేప పెరగడానికి సుమారు మూడు కిలోలు పడుతుందనుకుందాం. పది ఎకరాల చెరువులో 30 టన్నుల చేప పట్టాలంటే 90 టన్నుల మేత కావాలి. అదే రెండున్నర కిలోలతో సరిపెట్టగలిగితే 75 టన్నులు చాలు. మిగిలిన 15 టన్నులు రైతు జేబులో మిగిలినట్లే. నెలకోసారైనా విసురు వలతో నమూనా చేపలు పట్టి, తూకం వేసి, సంచుల సంఖ్య సవరించుకుంటే ఈ పొదుపు సాధ్యం. అయితే తూకం వేయకుండా పక్క చెరువును చూసి సంచులు పెంచేవారే ఎక్కువ.

తినని మేత అడుగున కుళ్లి ప్రాణవాయువును హరిస్తుంది, అమ్మోనియా పెంచుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడానికి ఇదీ ఒక కారణం. అందుకే అటువంటి రోజు మేత తగ్గించాలి, లేదా పూర్తిగా ఆపాలి. నీటిపై తేలే గుళికల మేతలో ఎంత తిన్నదీ కంటికి కనిపిస్తుంది, వృథా తగ్గుతుంది. కానీ దాని ధర తవుడు కంటే బాగా ఎక్కువ. చేప ధర పడిపోయిన ఏడాది గుళికల మేత వేసిన రైతు మొదట నష్టపోతాడు.

ధర పడిన ఏడాదే కొందరిని అడ్డదారి ఆకర్షిస్తుంది. ఫంగస్ అని పిలిచే పంగాసియస్ చేపకు రాత్రివేళ వ్యాన్లలో తెచ్చిన కోళ్ల వ్యర్థాలు వేస్తున్నారు. ప్రభుత్వం దీన్ని నిషేధించింది. అధికారులు వాహనాలను పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. కుళ్లిన పేగులు, ఈకలతో నీరు చెడి, ఆ చేపకే కాక జిల్లా చేప మొత్తానికి చెడ్డపేరు వస్తోంది. మేత తయారీ, విక్రయాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 2020లో చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం వచ్చింది. కల్తీ తవుడు అంటగట్టే వ్యాపారిపై ఫిర్యాదు చేసేందుకు రైతుకు ఇది ఆధారం.

పట్టుబడి సమయంలో చెరువు వదిలిన నీరు డ్రెయిన్ల ద్వారా కొల్లేరుకు, అక్కడి నుంచి ఉప్పుటేరుకు చేరుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సు ఇది. ఐదో కాంటూరు లోపలి అక్రమ చెరువుల గట్లను 2006లో కొట్టివేశారు. బయటి చెరువుల మురుగు మాత్రం సరస్సులోకి వస్తూనే ఉంది. ఆటపాక వద్ద గూళ్లు కట్టే గూడబాతులు తినేదీ ఈ నీటి చేపనే. అదే డ్రెయిన్ నుంచి దిగువ రైతు మోటారు పెట్టి తన చెరువు నింపుకుంటాడు. కొందరు రైతులు పట్టుబడి నీటిని వదిలివేయక తమదే అయిన పక్క చెరువులోకి తోడుకుంటున్నారు. ఎరువు ఖర్చు కూడా వారికి కొంత కలిసివస్తోంది.