మంచు నదిలో, ఇసుక గాలిలో లిలియన్ గిష్

లిలియన్ గిష్ తొలి సినిమా 1912లో వచ్చింది, చివరిది 1987లో. డెబ్బై అయిదేళ్ల నట జీవితం. అయినా ఆమె పేరును నిలబెట్టినవి 1919 నుంచి 1928 దాకా వచ్చిన కొన్ని మూకీలే. మాట వినపడని తెర మీద భావం తెలియాలంటే చేతులు విసరాలి, కళ్లు పెద్దవి చేయాలి అని చాలామంది నమ్మిన కాలంలో ఆమె ఆ పనిని రెండు వేళ్లకు, ఒక రెప్పపాటుకు కుదించింది.

గిష్ 1893లో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. తండ్రి ఇల్లు పట్టించుకోకపోవడంతో తల్లి నాటకాల్లో చేరింది. లిలియన్, చెల్లెలు డొరొతీ కూడా ఊరూరా తిరిగే నాటక సమాజాల్లో బాలనటులయ్యారు. అక్కడి స్నేహితురాలు మేరీ పిక్‌ఫర్డ్ 1912లో న్యూయార్క్‌లోని బయోగ్రాఫ్ స్టూడియోలో వాళ్లను దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్‌కు పరిచయం చేసింది. ఇద్దరిలో ఎవరెవరో పోల్చుకోలేక ఆయన ఒకరి జడకు ఎర్ర రిబ్బను, ఇంకొకరి జడకు నీలి రిబ్బను కట్టించాడు. భయం సహజంగా రావాలని పిస్తోలు పేలుస్తూ గదిలో వెంటబడ్డాడు కూడా. వాళ్ల తొలి చిత్రం ‘యాన్ అన్‌సీన్ ఎనిమీ’ అలా తయారైంది.

1915 నాటి ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ గిష్‌కు దేశమంతా పేరు తెచ్చింది. నల్లజాతి వారిని రాక్షసులుగా, తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను రక్షకులుగా చూపిన చిత్రం అది. విడుదలైన రోజుల్లోనే నల్లజాతి హక్కుల సంఘం నిరసనకు దిగింది. ఎడిటింగ్ గొప్పదని చెప్పి ఆ మచ్చను కప్పిపుచ్చలేం. గిష్ చివరిదాకా గ్రిఫిత్‌ను వెనకేసుకొచ్చింది. ఆమె పేరుకూ ఆ చిత్రానికీ ఉన్న ముడి అందుకే నేటికీ వీడలేదు. 2019లో ఒహాయోలోని ఒక విశ్వవిద్యాలయం తన థియేటరుకున్న గిష్ సోదరీమణుల పేరు తీసేసింది.

నటిగా ఆమె అసలు సత్తా బయటపడింది ‘బ్రోకెన్ బ్లాసమ్స్’ (1919)లో. లండన్ లైమ్‌హౌస్ పేటలో తాగుబోతు బాక్సరైన తండ్రి చేతిలో రోజూ దెబ్బలు తినే లూసీ పాత్ర ఆమెది. నవ్వమని తండ్రి గద్దిస్తాడు. నవ్వు రాదు. ఆ పిల్ల రెండు వేళ్లతో పెదవుల చివర్లను పైకి నెట్టి పట్టుకుంటుంది. కళ్లలో మాత్రం బెదురు అలాగే ఉంటుంది. ఈ సైగ తానే కల్పించానని గిష్ చెప్పుకుంది. చివర్లో తండ్రి గొడ్డలితో తలుపు పగలగొడుతుంటే, ఇరుకైన బట్టల అరలో దారి లేక లూసీ గిరగిరా తిరిగే దృశ్యాన్ని చూడటం ఇవాళ్టికీ కష్టమే. లూసీని ఆదరించే చైనా యువకుడి పాత్రను తెల్లజాతి నటుడు రిచర్డ్ బార్తెల్మెస్‌కు ఇవ్వడం ఇప్పటి కంటికి నప్పదు. కథలోని జాలి మాత్రం నిజమైనదే.

మరుసటి ఏడాది వచ్చిన ‘వే డౌన్ ఈస్ట్’ పాత మెలోడ్రామా నాటకానికి తెర రూపం. దొంగపెళ్లితో మోసపోయిన అన్నా, చనిపోతున్న తన పసిబిడ్డకు తానే జ్ఞానస్నానం చేయించే ఘట్టం అందులో అన్నిటికన్నా గట్టిది. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం మంచు నది దృశ్యాన్ని. అందులో చాలా భాగం వెర్మాంట్‌లో, గడ్డకట్టిన నిజమైన నది మీదే తీశారు. స్పృహ తప్పిన అన్నా మంచు పలక మీద కొట్టుకుపోతుంటే ఆమె జుట్టు, చెయ్యి నీళ్లలో వేలాడాలన్నది గిష్ సలహానే. ఆ చేతి వేళ్ల బాధ ఆమెను జీవితాంతం వదల్లేదు. ఆ ఏడాదే చెల్లెలు నాయికగా ఆమె దర్శకత్వం వహించిన ఏకైక చిత్రం ‘రీమోడలింగ్ హర్ హస్బెండ్’ వచ్చింది. దాని కాపీ ఒక్కటి కూడా మిగల్లేదు.

ఫ్రెంచి విప్లవ నేపథ్యంలో అక్కాచెల్లెళ్లు కలిసి చేసిన ‘ఆర్ఫన్స్ ఆఫ్ ది స్టార్మ్’ (1921) తర్వాత గిష్ గ్రిఫిత్ నుంచి విడిపోయింది. ఇటలీలో తీసిన రెండు చిత్రాలు చేసి ఎం.జి.ఎం.లో చేరింది. అక్కడ కథనూ దర్శకుణ్నీ ఎంచుకోవడంలో ఆమె మాట చెల్లింది. ‘లా బొహీమ్’ (1926)లో క్షయతో చనిపోయే మిమీ పాత్ర కోసం మూడు రోజులు నీళ్లు ముట్టలేదట. మరణ దృశ్యంలో ఊపిరి ఎంతగా బిగబట్టిందంటే, నిజంగానే పోయిందేమోనని దర్శకుడు కింగ్ విడార్ కంగారుపడ్డాడు. ‘ది స్కార్లెట్ లెటర్’కు మతసంఘాల అభ్యంతరాలుంటే ఆమే నచ్చజెప్పి ఒప్పించింది, స్వీడన్ దర్శకుడు విక్టర్ షోస్ట్రమ్‌ను దానికి ఎంచుకుంది.

వాళ్లిద్దరి రెండో చిత్రం ‘ది విండ్’ (1928). ఆమె సినిమాల్లో ఒక్కటే చూడగలిగితే దీన్నే చూడాలి. డొరొతీ స్కార్బరో నవలను గిష్ చదివి నిర్మాత అర్వింగ్ థాల్‌బర్గ్ దగ్గరకు తీసుకెళ్లింది. వర్జీనియా నుంచి టెక్సస్ చేరిన లెట్టీని ఎడతెగని గాలి పిచ్చెక్కిస్తుంది. మొహావీ ఎడారిలో, మండుటెండలో చిత్రీకరణ. విమానం ప్రొపెల్లర్లతో ఇసుకను ఆమె ముఖం మీదికి ఎగదోశారు. తనపై అఘాయిత్యం చేసినవాణ్ని లెట్టీ కాల్చి ఇసుకలో పాతిపెడుతుంది. గాలి ఇసుకను తొలుచుకుంటూ పోయి శవాన్ని బయటపెడుతుంటే, కిటికీ అద్దం వెనక నుంచి ఆమె చూసే చూపులో భయం అంచెలంచెలుగా పిచ్చిగా మారుతుంది. సంభాషణ కార్డు అక్కర్లేని ఘట్టమది. నవలలో లెట్టీ ఎడారిలోకి నడిచిపోతుంది. సినిమాలో భర్తతో ఉండిపోతుంది. ముగింపును స్టూడియో మార్పించిందని గిష్ చెప్పేది, చరిత్రకారులందరూ దాన్ని ఒప్పుకోరు. చిత్రం విడుదలయ్యేసరికి జనం టాకీల వైపు మళ్లారు. వ్యాపారం దెబ్బతింది.

గిష్ తొలి టాకీ ‘వన్ రొమాంటిక్ నైట్’ (1930) తేలిపోయింది. ఆమె రంగస్థలానికి తిరిగి వెళ్లి, 1936లో బ్రాడ్వేలో జాన్ గీల్‌గుడ్ హామ్లెట్‌కు ఒఫీలియాగా నటించింది. ‘డ్యుయెల్ ఇన్ ది సన్’ (1946) ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. అంతకన్నా విలువైనది చార్ల్స్ లాటన్ దర్శకత్వంలోని ‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ (1955). దిక్కులేని పిల్లలకు కాపలాగా, తుపాకీ ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కూర్చునే ముసలమ్మగా ఆమె, చెడును మరో మాట లేకుండా ఎదిరిస్తుంది.

1971లో గౌరవ ఆస్కార్ అందుకుంది. చివరి చిత్రం ‘ది వేల్స్ ఆఫ్ ఆగస్ట్’ (1987)లో తనకన్నా పద్నాలుగేళ్లు చిన్నదైన బెటీ డేవిస్ అక్కగా చేస్తే, తొంభై మూడేళ్ల గిష్ చెల్లెలిగా చేసింది. ఆమె 1993 ఫిబ్రవరి 27న న్యూయార్క్‌లో కన్నుమూసింది. ఆమె వీలునామా ప్రకారం ఏర్పడిన డొరొతీ అండ్ లిలియన్ గిష్ బహుమతిని 1994 నుంచి కళాకారులకు ఇస్తున్నారు.