క్యూసెక్కుల లెక్క వదిలి జనంలోకి వచ్చిన ఇంజనీరు

తాడేపల్లి: సీతానగరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువకు నీళ్ళు వదిలారన్న కబురు తెలిస్తే చాలు, తెనాలి, రేపల్లె వైపు రైతు నారుమడికి సిద్ధపడతాడు. ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది అతనికి పట్టదు. తన చేలోకి వస్తాయా రావా అన్నదే అతని లెక్క. ఈ రెండు లెక్కలూ చేసిన పెద్దమనిషి మన ఏటి అవతల కంకిపాడులో 1902లో పుట్టారు. ఆయనే డాక్టర్ కానూరి లక్ష్మణరావు. జనానికి కె.ఎల్.రావు గారు.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడిలో ఆటల్లో దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆగలేదు. మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగు చదివి, రంగూన్‌లో పాఠాలు చెప్పి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు పుచ్చుకున్నారు. తిరిగి వచ్చాక మద్రాసు ప్రభుత్వంలో రామపాదసాగర్ డిజైన్ల పని చూశారు. 1950 నుంచి ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టరు, ఆ తర్వాత చీఫ్ ఇంజనీరు. అంటే నక్షాలు, కొలతలు, ఫైళ్ళ మధ్య బతుకు. నాగార్జునసాగర్ వంటి పెద్ద పనుల వెనుక ఆయన లెక్కలున్నాయి.

అలాంటి మనిషి 1962లో, అరవై ఏళ్ళు నిండబోతుండగా, బెజవాడ లోక్‌సభ స్థానానికి నిలబడి గెలిచారు. ఆ వయసులో నలుగురూ పింఛను లెక్క చూసుకుని ఇంటిపట్టున కూర్చుంటారు. మరుసటి ఏడు కేంద్రంలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి మంత్రి అయ్యారు. ఆ బాధ్యతలో 1973 దాకా ఉన్నారు. 1967, 1971 ఎన్నికల్లోనూ బెజవాడ ఓటర్లు ఆయననే పంపారు.

బల్ల ముందు పనికీ, జనం మధ్య పనికీ తేడా చిన్నది కాదు. సుమారు 11,570 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే ఒక టి.ఎం.సి. ఈ లెక్క ఢిల్లీలో చేసినా, తాడేపల్లిలో చేసినా ఒకటే. కానీ ఆ టి.ఎం.సి. ముందు ఏ ఊరికివ్వాలి అని అడిగితే ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. కాలువ మొదట్లో ఉన్నవాడు తూము మూయనంటాడు, చివరి భూములవాడు కన్నీళ్ళు పెట్టుకుంటాడు. ఇద్దరి మాటా విని, ఒకరికి కాదని చెప్పి, మళ్ళీ అయిదేళ్ళకు అదే ఊరికి ఓటు కోసం వెళ్ళాలి. డాములు కట్టడం కన్నా ఇదే కష్టమని మాకు తోస్తుంది.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నీళ్ళు వదిలారు. అప్పటికి రావు గారే మంత్రి. కుడి కాలువ నీరు చేరిన పల్నాడు, ప్రకాశం మెట్టల్లో వానకోసం మొగం వాచిన చేలకు కొత్త ఊపిరి వచ్చింది. మిర్చి, పత్తి రైతులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన తలపెట్టినవన్నీ నెరవేరలేదు. గంగ నీటిని కావేరి దాకా తెద్దామన్న పథకం ఖర్చుకూ, నీటిని ఎత్తిపోయడానికి కావలసిన కరెంటుకూ భయపడి కాగితం మీదే నిలిచింది. తన జ్ఞాపకాల పుస్తకానికి మాత్రం ‘ది క్యూసెక్స్ కేండిడేట్’ అని పేరు పెట్టుకున్నారు. ఓట్లకు నిలబడ్డా ఇంజనీరు ఇంజనీరే మరి!

ఇవాళ మన ఊళ్ళలో కంప్యూటర్ల ముందు ఉద్యోగం చేస్తూ, జనంతో కలిసే పని చూసుకుందామనుకునే కుర్రాళ్ళున్నారు. ఇంట్లో పెద్దలు చదివినదంతా వృథా అని దిగులు పడతారు. రావు గారు మాత్రం నేర్చిన విద్యను పారేయలేదు, భుజాన వేసుకుని వెళ్ళారు. అలాగని పల్లెకు వచ్చి కూర్చుంటే జీతం దానంతటదే రాదు. ఆరునెలల ఖర్చు చేతిలో పెట్టుకుని, ముందు సెలవురోజుల్లో ఆ పని చేసి చూసుకోవడం మంచిది.

రావు గారు 1986లో కన్నుమూశారు. బ్యారేజీకి ఎగువన 85 కిలోమీటర్ల దూరంలో, 45.77 టి.ఎం.సి.లు పట్టే పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలిచేది మూడు టి.ఎం.సి.లే కాబట్టి, సాగర్ నుంచి నీరు ఆలస్యమైనా డెల్టాకు నారు పోసుకునే వేళకు అందించడం దాని పని. 2021 ఆగస్టులో అక్కడ ఒక గేటు కొట్టుకుపోతే, పోసుకున్న నీటిలో చాలాభాగం దిగువకు వదిలేసి మరమ్మతు చేయాల్సి వచ్చింది. ఆ వరద తాడేపల్లి పక్కనుంచే సముద్రానికి పోయింది.