పెత్రమాసకు పెరటి పూలు

పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ. ఆనాటికి పెరట్లో పూలుండాలంటే ఆషాఢంలోనే విత్తాలి. బంతి పూయడానికి రెండు, రెండున్నర నెలలు పడుతుంది మరి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్క నేలల్లో నీరు నిలవదు. కనుక ఒకే తీరు దాహమున్న మొక్కల్ని ఒకచోట వేయండి. తంగేడు, గునుగు వానతోనే బతుకుతాయి. వాటిని గోడవెంట వేయండి. బంతి, సీతజడ బియ్యం కడిగిన నీళ్లందేచోట ఉండాలి. పసుపు, తెలుపు, ఎరుపు అన్నీ కుదురుతాయి.

తంగేడు వెంటనే పూయలేదని పీకేయకండి. అది ఏళ్లతరబడి నిలిచే పొద. గునుగు గింజ రాలితే పెరడంతా అదే మొలుస్తుంది, ముదరకముందే కోయండి.

చేలల్లో కలుపని పీకేసే గునుగే బతుకమ్మకు నిండుదనం. పట్నంలో దాన్ని కొనుక్కుంటున్నాం. మన పిల్లలు మొక్కను చూసి గుర్తుపట్టాలంటే, దానికీ పెరట్లో ఓ మూల జాగా ఇవ్వండి!