దాణా వేళ గుర్రం నేల తవ్వేది పొగరుతో కాదు

పెళ్లి ఊరేగింపు ముగిసేసరికి రాత్రి పది దాటుతుంది. మేళగాళ్లు భోజనాలకు లేస్తారు, పెళ్లివారు పందిట్లోకి పోతారు. పెళ్లికొడుకును మోసిన గుర్రం పాకకు చేరేది పదకొండింటికి. పొద్దున వేసిన కాస్త చొప్ప తప్ప దాని కడుపులో ఏమీ లేదు. కూలికి కుదిరిన కుర్రాడు బొక్కెనలో ఉలవలు తెస్తుంటే, చప్పుడు వినీ వినగానే గుర్రం ముందుకాలితో నేల తవ్వుతుంది. తల ఎగరేస్తుంది. పలుపు తెగేటట్టు గుంజుతుంది. కుర్రాడు బెదిరిపోయి దాణా తొట్టిలో కుమ్మరించి వెనక్కి దూకుతాడు. ఆ దూకడంలో ఒక్క అడుగు తప్పితే డెక్క కింద కాలు నలుగుతుంది, పళ్ల కింద భుజం చీరుకుపోతుంది.

తెల్లారి యజమాని అనేది ఒకటే మాట: "దానికి పొగరెక్కింది. నాలుగు తగిలించు."

ఈ మాట ఎంతవరకు నిజమో ఈ వారం చూద్దాం. ఎందుకంటే దెబ్బలు తినేది గుర్రం, కరిపించుకునేది కూలివాడు. యజమాని రెండింటికీ దూరంగానే ఉంటాడు.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో గుర్రాలు కట్టే పాకలు ఇప్పుడు కొద్దిగానే మిగిలాయి. రైలు దిగిన మనిషి జట్కా కోసం చూసే రోజులు పోయాయి. ఆ పని ఆటోలు తీసుకున్నాయి. ఇప్పుడున్న గుర్రాలకు పెళ్లి ఊరేగింపులు, ఉత్సవాలే ముఖ్యమైన పని. పని తగ్గినంత మాత్రాన గుర్రం కడుపు తగ్గలేదు. ముహూర్తాలున్న నెలల్లో రాత్రింబగళ్లు తిప్పడం, ముహూర్తాలు లేని నెలల్లో కట్టేసి పస్తు పెట్టడం, ఇదీ దాని బతుకు. పనులున్నప్పుడు పిలిచి, లేనప్పుడు మరిచిపోయే బతుకేమిటో మన కూలీలకు వేరే చెప్పనక్కరలేదు.

గుర్రం కడుపు ఎద్దు కడుపు కాదు

మనది ఎద్దును ఎరిగిన ప్రాంతం. ఎద్దుకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మేత వేస్తే సరిపోతుంది. మిగతా సమయంలో అది పడుకుని నెమరు వేసుకుంటుంది. పెద్దపొట్ట నిండా మేత దాచుకుని తీరుబడిగా నమిలే సౌకర్యం దానికుంది. ఆ అలవాటుతోనే గుర్రానికి కూడా రెండు పూటలా వేసి ఊరుకుంటున్నాం. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

గుర్రం నెమరు వేయదు. బాగా ఎదిగిన పెద్ద గుర్రానికి కూడా కడుపు ఎనిమిది నుంచి పదిహేను లీటర్లే పడుతుంది. మన తట్టువలకు ఇంకా తక్కువ. బీట్లో వదిలేస్తే గుర్రం రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు మేస్తూనే ఉంటుంది. కొంచెం కొంచెంగా, ఎడతెగకుండా తినడానికి తయారైన శరీరం అది. దాని కడుపులో పులుసు ఊరడం పగలూ రాత్రీ ఆగదు, మేత ఉన్నా ఊరుతుంది, లేకపోయినా ఊరుతుంది. ఆ పులుసును విరిచేది నోట్లో ఊరే లాలాజలం. ఆ లాలాజలమేమో నమిలినప్పుడే ఊరుతుంది. ఎనిమిది, పది గంటలు నోట్లో గడ్డిపోచ లేకుండా కట్టేస్తే ఆ పులుసు కడుపు గోడనే తింటుంది, పుండ్లు పడతాయి. కడుపులో మంట పెట్టుకున్న ప్రాణి బొక్కెన కనబడితే కుదురుగా నిలబడమంటే ఎట్లా నిలబడుతుంది?

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మనవాళ్లు వేళాకోళంగా అంటారు. వేళాకోళం పక్కన పెట్టి చూస్తే అందులో నిజమే ఉంది. పని ఉన్నా లేకపోయినా కడుపుకు రోజూ కావాలి.

ముందు గడ్డి, తర్వాత దాణా

కాబట్టి మొదటి మందు కర్ర కాదు, గడ్డి. రెండు వందల యాభై, మూడు వందల కిలోల తట్టువకు రోజుకు నాలుగు నుంచి ఆరు కిలోల ఎండుమేత తప్పనిసరిగా పడాలి. అది ఒక్కసారే కాకుండా నాలుగైదు సార్లుగా వేయాలి. రాత్రి పడుకునే ముందు వేసే మోపు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే అన్నిటికన్నా పొడుగైన పస్తు రాత్రిదే. ఊరేగింపు ఉన్న రోజున, బయలుదేరే ముందు గడ్డి తిననిచ్చి తీసుకుపోవాలి. సందు దొరికినచోట ఒక కట్ట ముందు వేయాలి. ఆ కట్ట బండిలో వేసుకుపోవడం పెద్ద బరువేమీ కాదు.

మన మెట్ట ప్రాంతంలో దొరికే మేతల్లో రెండింటితో జాగ్రత్త పడాలి. పచ్చిజొన్న గుర్రానికి పెట్టరాదు. లేతజొన్న విషమని పశువుల విషయంలో మనకు తెలిసిందే. గుర్రానికైతే పచ్చిజొన్న మేపులో మూత్రాశయం చెడి, వెనక కాళ్లు పట్టు తప్పే జబ్బు కూడా వస్తుంది. బాగా ఎండిన చొప్ప పెట్టొచ్చు. రెండోది కొర్రగడ్డి. ఎద్దుకు మంచిదే కదా అని నెలల తరబడి కొర్రగడ్డి ఒక్కటే వేస్తే గుర్రానికి మూత్రపిండాలు, కీళ్లు దెబ్బతిని కుంటుతుంది. వేరే గడ్డితో కలిపి కొద్దిగా వేయాలి.

ఇక ఉలవల సంగతి. మన ఎర్రనేలల్లో వానలు వెనకబడ్డా ఆఖరుకు చేతికొచ్చే పంట ఇది. ఇంగ్లీషువాడు దీనికి పెట్టిన పేరులోనే గుర్రం ఉంది. నూటికి ఇరవై పాళ్లకు పైగా మాంసకృత్తులున్న గట్టి దాణా. అందుకే దీన్ని కొలిచి పెట్టాలి. పచ్చి ఉలవలు అరగవు. కడుపులో నీరు పీల్చి ఉబ్బుతాయి. నానబెట్టి, మెత్తగా ఉడికించి, చల్లారనిచ్చి, తడిపిన తవుడుతోనో తరిగిన చొప్పతోనో కలిపి పెట్టాలి. ఒక్కసారికి కిలోకు మించకుండా రెండు మూడు పూటలుగా పంచాలి. గుర్రం వాంతి చేసుకోలేదనే విషయం మరవొద్దు. ఆత్రంగా మింగింది వెనక్కి రాదు. అదే కడుపునొప్పి అయి ప్రాణం తీస్తుంది.

నీళ్లు దాణాకు ముందే పెట్టాలి. ఎండాకాలంలో ముప్పై లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు. పని లేని రోజున ఉలవలు సగానికి తగ్గించాలి, గడ్డి తగ్గించకూడదు. నిండా దాణా తిని నాలుగు రోజులు ఊరికే నిలబడ్డ గుర్రాన్ని ఒక్కసారిగా పనికి తోలితే కండలు బిగిసి కదలలేక పడిపోతుంది. దాణా మార్చదలిస్తే వారం, పది రోజులు పట్టి మెల్లగా మార్చాలి.

మార్కాపురం పలకల ఊరు కదా! పాకలో ఒక పలక వేలాడదీయండి. ఏ వేళకు ఎంత గడ్డి, ఎంత దాణా పడిందో సుద్దతో గీత గీయండి. ఎవరు వేసినా తర్వాతివాళ్లకు తెలుస్తుంది. "పొద్దున వాడు వేసే ఉంటాడులే" అనే మాటతో పస్తులు పడవు.

బొక్కెన చప్పుడు నేర్పిన పాఠం

"గడ్డి కడుపునిండా వేస్తున్నాం, అయినా దాణా వేళకు గోల చేస్తుందేందన్నా?" అనేవాళ్లున్నారు. దానికి కారణం మనమే. గుర్రం నేల తవ్వింది, మనం పరుగున పోయి దాణా వేశాం. మర్నాడు గోడ తన్నింది, ఇంకా తొందరగా వేశాం. కాలు ఆడిస్తే తిండి వస్తుందని దానికి మనమే నేర్పాం. నేర్పింది మనమైనప్పుడు మాన్పించవలసిందీ మనమే.

మాన్పించే దారి ఇది. ముందు గడ్డి వేసి అరగంట నమలనివ్వాలి. ఖాళీ కడుపుతో ఉన్న గుర్రానికి ఓర్పు నేర్పబోవడం చిత్రహింస అవుతుంది, ఓర్పు రాదు. తర్వాత దాణా తీసుకుని మామూలుగా నడిచి రావాలి. డబ్బా మోగించరాదు, దూరం నుంచి ఊరించరాదు. గుర్రం కాలు ఆడించిందా, ఉన్నచోటే ఆగాలి. అరవొద్దు, అదిలించవద్దు. అవసరమైతే ఒకడుగు వెనక్కి వేయాలి. కాలు కింద ఆనించి, తల దించి, ఒక్క క్షణం నిమ్మళంగా నిలబడిందా, ఆ క్షణంలోనే దాణా వేయాలి. మొదటి రోజు ఒకటి అంకె లెక్కపెట్టేంతసేపు చాలు. తర్వాత మూడు, తర్వాత అయిదు, అలా పెంచాలి.

మొదటి మూడు నాలుగు రోజులు గోల తగ్గదు సరికదా పెరుగుతుంది. ఇంతకుముందు పనిచేసిన ఉపాయం పనిచేయడంలేదని అది ఇంకా గట్టిగా తవ్వి చూస్తుంది. అప్పుడు విసిగి వేసేశామా, మరింత గట్టిగా తవ్వాలని నేర్పినట్టే. ఇంట్లో అందరూ ఒక్క పద్ధతే పాటించాలి. తండ్రి ఆగి, కొడుకు జాలిపడి, పాలేరు భయపడి వేస్తే ఎన్నాళ్లకూ మానదు.

కర్ర వల్ల ఏం జరుగుతుంది? దాణా వేళకు దెబ్బ కూడా వస్తుందని గుర్రం తెలుసుకుంటుంది. ఆత్రానికి భయం తోడవుతుంది. నేల తవ్వే గుర్రం కరిచే గుర్రమవుతుంది. కరవడం అలవాటైన గుర్రానికి చేత్తో బెల్లం, బిస్కెట్లు తినిపించడం కూడా మానాలి. ఏది పెట్టినా తొట్టిలోనే పెట్టాలి.

దాణాను ఆత్రంగా మింగే గుర్రానికి తొట్టిలో దాని నోట పట్టనంత నున్నటి రాళ్లు రెండు మూడు వేస్తే, వాటి సందుల్లో ఏరుకుంటూ మెల్లగా తింటుంది. రెండు గుర్రాలున్నచోట తొట్లు దూరదూరంగా ఉండాలి. ఒకదాని కాలు ఇంకొకదానికి అందకూడదు. రెండింటికీ ఒకేసారి పడాలి. తింటున్న రెండు గుర్రాల మధ్యకు ఎవరూ పోరాదు.

చెవులు చూడండి

దాణా వేసే మనిషి ముందుగా చూడవలసినవి గుర్రం చెవులు. చెవులు ముందుకు నిక్కబొడిచి కాలు తవ్వుతుంటే అది తొందర. చెవులు వెనక్కి మెడకు అంటించి, పళ్లు చూపించి, పిర్ర మనవైపు తిప్పుతుంటే అది హెచ్చరిక. అప్పుడు దగ్గరకు పోరాదు. ఎప్పుడూ పిలుస్తూ, భుజం పక్కనుంచి పోవాలి. తొట్టి కంచె అవతల ఉండి బయటినుంచే వేసే ఏర్పాటుంటే అన్నిటికన్నా మేలు. పసిపిల్లల చేతికి దాణా బొక్కెన ఇవ్వనే కూడదు.

ఇంకొక తేడా తప్పకుండా తెలిసి ఉండాలి. దాణా ముందు పెట్టినా తినకుండా నేల తవ్వుతూ, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటూ, పడుకుని పొర్లుతూ, చెమట పడుతుంటే అది తొందర కాదు, కడుపునొప్పి. మేత, దాణా తీసేసి వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. 2022లో రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. వాటిని పిలిచే నంబరు 1962. నాటుమందు పోసి తెల్లారేదాకా చూద్దామనుకుంటే తెల్లారేసరికి గుర్రం ఉండదు.

చట్టం ఏమంటోంది?

పెంచే ప్రాణికి చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. బండ్లు లాగే, బరువులు మోసే పశువుల కోసం 1965లో నియమాలు కూడా వచ్చాయి. రోజు మొత్తంమీద తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా ఏకబిగిన అయిదు గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పనికి కట్టరాదు. జట్కాలో తోలేవాడు, ఆరేళ్ల లోపు పిల్లలు కాక నలుగురిని మించి ఎక్కించరాదు. మన మే నెల ఎండల్లో ఈ నియమాలు ఎంత అమలవుతాయో రోడ్డు మీద నడిచే ప్రతివాడికీ తెలుసు.

అయితే తప్పంతా గుర్రాన్ని నమ్ముకున్న పేదవాడి మీద వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. సొంత గుర్రం ఒక్కటే ఆస్తిగా ఉన్నవాడు తాను పస్తుండి దానికి పెట్టిన రోజులూ ఉన్నాయి. వానలు లేక, బోర్లు ఎండి గడ్డి కరువైన ఏడు ఎద్దుకే మేత దొరకదు, గుర్రానికి ఎక్కడిది? 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్ల కోసం ఒక తరం ఎదురుచూసిన నేల ఇది. కరువు నాడు తెరిచే పశుగ్రాస కేంద్రాల్లో ఆవులు, గేదెలతోపాటు గుర్రాలకు, గాడిదలకు కూడా మేత ఇవ్వాలని అడగాలి. కిరాయికి గుర్రాలు తిప్పే యజమానులు గడ్డి ఖర్చు మిగుల్చుకుని, ఆ ఆకలి కోపాన్ని దాణా వేసే కూలివాడి మీదకు తోలడం మానాలి. తన్నించుకున్నవాడి వైద్యం ఖర్చు గుర్రం మీద సంపాదించేవాడే భరించాలి. ఇది దయాదాక్షిణ్యం కాదు, న్యాయం.

గుర్రం దగ్గర పనికి కుదిరే కుర్రవాళ్లు జీతం మాట్లాడుకునేటప్పుడే ఇంకో మాట కూడా అడగాలి: "గడ్డి ఎన్ని పూటలు వేస్తారు?" కడుపు నిండిన గుర్రం దగ్గరే మనిషి ఒంటికి భద్రత.